చిరునామా అడిగేవాడి చేతిలో కోర్టు కాగితం ఉందా?

పోయిన నెల ఫోన్ మోసాల గురించి రాసినంక మూడు ఉత్తరాలు వచ్చినయ్. మూడు వేర్వేరు ఇండ్ల నుంచి వచ్చినా అడిగింది ఒక్కటే. అందుకని ఈ నెల పేజీ అంతా దానికే ఇస్తున్నా.

మొదటిది అశోక్ చౌక్ నుంచి, బీడీలు చుట్టే ఒక వదిన రాయించింది. కొడుకు సాంచెల మీద పని చేస్తాడు. కొత్త తెలుగు సినిమా ఒకటి ఫోన్లో దించుకున్నాడు. నాలుగు రోజులకు ఎవరో ఫోన్ చేసి, "సినిమా కంపెనీ తరఫున మాట్లాడుతున్నాం. మీ నంబరు మాకు దొరికింది. ఎనిమిది వేలు కడితే సరి, లేకుంటే పోలీసులు ఇంటికొస్తారు" అన్నారట. "వెయ్యి బీడీలకు ఎంత వస్తదో నీకు తెలియంది కాదు. కట్టాలా, వద్దా?" అని అడుగుతుంది.

రెండోది పోలీస్ భర్తీకి చదువుతున్న పిల్లగాడిది. కోచింగ్ నోట్సు టెలిగ్రామ్‌లో దించుకుని చదువుతున్నాడు. టెలిగ్రామ్ వాళ్ళ చేత కోర్టు పేర్లు బయట పెట్టించిందని విన్నాడు. కేసు పడితే భర్తీలో పనికి రానేమోనని భయం పట్టుకుంది.

మూడోది సఖర్ పేటలో కేబుల్ నెట్ ఆఫీసులో వైర్లు లాగే తమ్ముడిది. ఒకాయన చేతిలో నంబర్ల చిట్టా పట్టుకొని వచ్చి, ఈ నంబర్లు ఏయే ఇండ్లవో చెప్పు, మీ మాలికుతో మాట్లాడినా అంటున్నాడట. "చెప్తే తప్పా, చెప్పకుంటే తప్పా?" అని తమ్ముడి ప్రశ్న.

ముందుగా ఒక సంగతి తేల్చుకుందాం. ఒకరి కష్టాన్ని దొంగచాటుగా కాపీ కొట్టడం తప్పే. ఇది మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. సోలాపూర్ చద్దరుకు జి.ఐ. గుర్తు ఉంది. అయినా ఎక్కడో నేసిన దుప్పటికి సోలాపురి చద్దర్ అని చీటీ కుట్టి అమ్ముతుంటే మన మగ్గాల మీద ఎంత దెబ్బ పడిందో ఇంటింటికీ తెలుసు. సినిమా వాళ్ళదీ అదే బాధ. 2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' విడుదలకు ముందే సగానికి పైగా సినిమా బయటికి పొక్కింది. తొందర తొందరగా 27వ తేదీనే విడుదల చేయాల్సి వచ్చింది. సినిమా అంటే హీరో ఒక్కడే కాదు. లైట్లు మోసేవాడు, సెట్టు కొట్టే వడ్రంగి, టాకీసులో టికెట్టు చింపేవాడు, అందరూ మనలాంటి మజూరి మనుషులే. కాబట్టి వాళ్ళకు ఫిర్యాదు చేసే హక్కు లేదని నేను అనను.

అయితే ఫిర్యాదు చేసే హక్కు వేరు, మన ఇంట్లోకి తొంగిచూసే హక్కు వేరు. మిల్లులో పని చేసిన పెద్దలకు గేటు దగ్గర ఝడతీ గుర్తుంటది. పాళీ అయిపోయి బయటికి వస్తుంటే పంచె దులిపి, టిఫిన్ డబ్బా తెరిచి చూసేవాళ్ళు. అవమానంగానే ఉండేది, కానీ గేటు మిల్లుది, సరే అనుకున్నాం. అదే వాచ్‌మన్ మన చాళ్‌లోకి వచ్చి పెట్టె తెరువమంటే ఊరుకున్నామా? "పోలీసును తీసుకురా, కాగితం తీసుకురా" అన్నాం. ఇంటర్నెట్ సంగతి కూడా ఇంతే.

అసలు పేరు ఎట్లా దొరుకుతుందో చూద్దాం. టొరెంట్ అనే పద్ధతిలో సినిమా దించుకునేటప్పుడు, దించుకునేవాడి ఫోనో కంప్యూటరో అదే సినిమాను ముక్కలు ముక్కలుగా ఇంకొకరికి పంచుతూ ఉంటది. కంపెనీ పెట్టుకున్న మనిషి కూడా గిరాకీలాగా ఆ గుంపులో చేరి, ఎవరెవరు పంచుతున్నారో వాళ్ళ ఐపి నంబర్లు, టైములు రాసుకుంటాడు. ఐపి నంబరంటే మన కనెక్షన్‌కు ఆ పూటకు ఇచ్చిన నంబరు. దాని మీద మన పేరు ఉండదు. ఏ టైములో ఏ నంబరు ఎవరి కనెక్షన్‌కు ఇచ్చారో ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ చిట్టాలోనే ఉంటది. అంటే తాళంచెవి ఆ కంపెనీ చేతిలో ఉంది.

ఇంకో చిక్కుంది. ఆ నంబరు చూపించేది కనెక్షన్‌ను, మనిషిని కాదు. మన చాళ్‌లలో ఒక్క డబ్బా నాలుగు ఇండ్లకు నడుస్తది. కార్ఖానాలో మాలికు పెట్టిన వైఫై పాస్‌వర్డ్ రెండు పాళీల పనోళ్ళందరికీ తెలుసు. మొబైల్ నెట్‌లోనైతే ఒకే టైములో ఒకే నంబరు వెనక చాలామంది ఉండొచ్చు. డబ్బా ఎవరి పేరు మీద ఉంటే తప్పు వాళ్ళదేనంటే, వీధి కుళాయి ఎవరి గుమ్మం ముందుంటే నీళ్ళన్నీ వాళ్ళే వాడినట్టు లెక్క.

ఈ పంచాయితీ పెద్ద ఎత్తున నడిచింది అమెరికాలో. అక్కడ 1998లో ఒక కాపీరైట్ చట్టం వచ్చింది. అందులోని ఒక సెక్షన్ ప్రకారం, నా పాట దొంగిలించారని చెప్పేవాడు కోర్టు గుమాస్తా దగ్గర ఒక ఫారం నింపితే చాలు, ఇంటర్నెట్ కంపెనీ పేరు ఇవ్వాలనే సమను చేతికొచ్చేది. జడ్జి చూసే పని లేదు, కేసు వేసే పని కూడా లేదు. 2002లో పాటల కంపెనీల సంఘం వెరైజన్ అనే పెద్ద టెలిఫోన్ కంపెనీకి అట్లాంటి సమను ఇచ్చింది. వెరైజన్ పేరు ఇవ్వనన్నది. గిరాకీల మీద ప్రేమ ఒక్కటే కారణం అనుకోవద్దు. ఒకటి ఇస్తే వేలకొద్దీ వస్తయనే లెక్క కూడా ఉంది. 2003 జనవరిలో కింది కోర్టు పాటల కంపెనీల వైపే తీర్పు చెప్పింది. పేర్లు ఇవ్వక తప్పలేదు.

అట్లా వచ్చిన పేర్లతో 2003 సెప్టెంబరు 8న ఒక్క రోజులోనే 261 మంది మీద దావాలు పడ్డయ్. అందులో న్యూయార్కులో సర్కారు ఇండ్లలో ఉండే 12 ఏండ్ల పిల్ల ఒకతె. వాళ్ళమ్మ 2,000 డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. ఇంకో ఊర్లో 66 ఏండ్ల ముసలమ్మ మీద పడింది. ఏ సాఫ్ట్‌వేర్‌తో పాటలు పంచిందని అన్నారో, అది ఆమె కంప్యూటర్లో నడవనే నడవదు. తర్వాత దావా వెనక్కి తీసుకున్నారు. కానీ ఈలోగా ఊరంతా ఆమె పేరు పాకింది.

అదే ఏడాది డిసెంబరు 19న పై కోర్టు కింది తీర్పును కొట్టేసింది. పాట ఉన్నది జనాల కంప్యూటర్లలో, వెరైజన్ ఉత్త పైపు మాత్రమే, అట్లాంటి కంపెనీకి ఈ గుమాస్తా సమను వర్తించదు అన్నది. తీర్పు నిలబడింది చట్టంలోని ఆ మాటల మీదే, గోప్యత హక్కు మీద కాదు. అయినా ఫలితం పెద్దది. అప్పటి నుంచి పేరు కావాలంటే ముందు పేరు లేని మనిషి మీద దావా వేసి, జడ్జి ముందుకు పోయి, ఆయన ఒప్పుకుంటేనే పేరు తీసుకోవాలి.

దాంతో జనం బతికిపోయారని చెప్తే అబద్ధం అవుతది. 2004 జనవరిలోనే పాటల కంపెనీలు ఈ కొత్త దారిలో 532 మంది మీద దావాలు వేసినయ్. మిన్నెసోటాలో ఒక తల్లి 24 పాటలకు 2,22,000 డాలర్లు కట్టాలని చివరికి 2012లో పై కోర్టు ఖాయం చేసింది. చాలామంది, వకీలు ఫీజు కంటే రాజీ డబ్బే తక్కువని, తప్పు చేసినా చేయకున్నా కట్టేసి ఊరుకున్నారు. 2008 చివర్లో ఈ మూకుమ్మడి దావాలు ఆపేస్తున్నామని కంపెనీలే ప్రకటించినయ్. కాబట్టి కోర్టు మెట్టు ఉండడం ఒక్కటే పేదోడిని కాపాడదు. ఆ మెట్టు మీద కూర్చున్న జడ్జి నిజంగా చూడాలి, పేరు బయటికి పోయినంక దాన్ని ఏం చేస్తున్నారో కూడా అడగాలి.

అడగకపోతే ఏమైతదో ఇంగ్లాండులో తెలిసింది. లండన్‌లో ఏసీఎస్ లా అనే వకీలు ఆఫీసు ఒకటి ఉండేది. కోర్టు ఆర్డర్లతో ఒకేసారి వేలమంది పేర్లు తీసుకొని, "మీరు ఫలానా సినిమా పంచారు, సుమారు 500 పౌండ్లు కట్టండి, లేకుంటే దావా" అని ఉత్తరాలు పంపేది. వాటిలో చాలా సినిమాలు బూతువి. ఆ పేరు వినగానే, చేయని తప్పుకైనా సరే, పరువు పోతదని కట్టేవాళ్ళు ఉన్నారు. 2010 సెప్టెంబరులో కొందరు ఆ ఆఫీసు వెబ్‌సైటు మీద దాడి చేశారు. మళ్ళీ నిలబెట్టేటప్పుడు వాళ్ళ ఈమెయిళ్ళన్నీ బయటపడినయ్. అందులో స్కై అనే కంపెనీ గిరాకీలు 5,000 మందికి పైగా పేర్లు, చిరునామాలు, పక్కనే వాళ్ళు చూశారని చెప్పిన బూతు సినిమాల పేర్లు ఉన్నయ్. పెదవి దాటితే పృథివి దాటుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు.

తర్వాత ఆ ఆఫీసు మూతపడింది. సమాచార కమిషనర్ ఆ వకీలుకు జుల్మానా వేశాడు. ఆఫీసు నడుస్తూ ఉంటే 2,00,000 పౌండ్లు వేసేవాణ్ణి, మూసేశాడు కాబట్టి 1,000 పౌండ్లే వేస్తున్నా అన్నాడు. 2012లో ఆయన వకాల్తాను రెండేండ్లు ఆపేశారు. అంతే. పేరు బజారున పడినవాళ్ళ ఇండ్లలో ఏం జరిగిందో ఏ జుల్మానా తూకం వేయలేదు.

అదే 2010 సెప్టెంబరులో స్విట్జర్లాండ్ పెద్ద కోర్టు ఇంకో మాట చెప్పింది. లాజిస్టెప్ అనే కంపెనీ ఇట్లాగే గుంపుల్లో చేరి ఐపి నంబర్లు ఏరి, పాటలు సినిమాల కంపెనీలకు ఇచ్చేది. ఐపి నంబరు కూడా మనిషి సొంత సమాచారమే, అతనికి తెలియకుండా ఇట్లా ఏరడం చట్టానికి విరుద్ధం అన్నది ఆ కోర్టు. పనులు ఆపించింది.

ఇప్పుడు మన దేశం సంగతి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు కలిసి, గోప్యత ప్రాథమిక హక్కు అని ఒకే గొంతుతో చెప్పారు. దాన్ని తగ్గించాలంటే ఒక చట్టం ఉండాలి, సరైన కారణం ఉండాలి, ఎంత అవసరమో అంతే తీసుకోవాలి. సినిమా దొంగతనం సరైన కారణమే. కానీ మిగతా రెండు షరతులూ తీరాలి.

మన బొంబాయి హైకోర్టులో 2016లో 'ఢిషూం' సినిమా మీద కేసు నడిచింది. అప్పట్లో ఆపేసిన వెబ్‌సైటు తెరిస్తే, దొంగ కాపీ చూసినా మూడేండ్ల జైలు, మూడు లక్షల జుల్మానా అనే హెచ్చరిక కనిపించేది. జడ్జి దాన్ని తప్పు పట్టారు. నేరం ఉత్తగా చూడడంలో లేదు, అనుమతి లేకుండా పంచడంలో, జనాలకు ఆడించడంలో, అమ్మడంలో, కిరాయికి ఇవ్వడంలో ఉందని చెప్పి, ఆ మాటలు మార్పించారు. దీన్ని పట్టుకొని చూడొచ్చట అని ఎవరూ చాటింపు వేయొద్దు. టొరెంట్‌లో దించుకునేవాడు తెలియకుండానే పంచుతున్నాడని పైనే చెప్పిన. తెలిసి చేసిన కాపీరైట్ దొంగతనానికి ఆరు నెలల నుంచి మూడేండ్ల దాకా శిక్ష ఉంది. టాకీసులో ఫోన్ పెట్టి సినిమా తీసేవాడికి 2023లో చేసిన సవరణలో కనీసం మూడు నెలల జైలు, మూడు లక్షల జుల్మానా పెట్టారు. ఆ పని మాత్రం సరదాకు కూడా చేయొద్దని పిల్లలకు చెప్పండి.

ఇక టెలిగ్రామ్ కేసు. పోటీ పరీక్షలకు ఇంగ్లీషు చెప్పే ఒక టీచరమ్మ రాసిన పుస్తకాలు, పాఠాలు టెలిగ్రామ్ ఛానెళ్ళలో పంచుతుంటే ఆమె ఢిల్లీ హైకోర్టుకు పోయింది. ఒక ఛానెల్ మూస్తే ఇంకోటి పుడుతుంది, నడిపేవాళ్ళు ఎవరో చెప్పమంది. టెలిగ్రామ్ గోప్యత అన్నది, మా కంప్యూటర్లు సింగపూర్‌లో ఉన్నయ్ అన్నది. 2022 ఆగస్టు 30న కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. నడిపేవాళ్ళ ఫోన్ నంబర్లు, ఐపి నంబర్లు, ఈమెయిళ్ళు సీలు కవరులో ఇమ్మన్నది. తర్వాత అవి టీచరమ్మ వకీలు చేతికి ఇచ్చేటప్పుడు, ఈ కేసుకు తప్ప బయట ఎవరికీ చెప్పొద్దని షరతు పెట్టింది.

నాకు ఈ పద్ధతి నచ్చింది. కష్టం చేసిన మనిషికి దారి దొరికింది. అడిగింది ఛానెల్ నడిపేవాళ్ళ పేర్లే, చదువుకునే వేలమంది పిల్లల పేర్లు కాదు. పేర్లు సీలు కవరులో వచ్చినయ్, బజారులోకి కాదు. లండన్‌లో ఈ జాగ్రత్త ఉంటే ఆ 5,000 ఇండ్లకు ఆ గతి పట్టేది కాదు.

2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. అది దశలవారీగా అమలులోకి వస్తుంది. అందులో 17వ సెక్షన్ ఒక కిటికీ తెరిచి పెట్టింది. చట్టపరమైన హక్కును సాధించుకోవడానికి అవసరమైతే, మన సమ్మతి అడగాలనే నియమం లాంటివి వర్తించవు. సినిమా కంపెనీ ఈ కిటికీలోంచే వస్తుంది. కానీ తీసుకున్న సమాచారాన్ని భద్రంగా దాచాలనే బాధ్యతకు మాత్రం మినహాయింపు లేదు. దాచలేకపోతే 250 కోట్ల దాకా జుల్మానా రాసి పెట్టారు. కాగితం మీద బాగానే ఉంది. 'అవసరమైతే' అన్న మాటను ఎవరు కొలుస్తారనేదే నా భయం. అడిగేవాడే కొలుచుకుంటే అమెరికా గుమాస్తా సమను మళ్ళీ మన గడపలోకి వచ్చినట్టే.

ఇప్పుడు ముగ్గురికీ జవాబు చెప్తా.

వదినా, ఎనిమిది వేలు కాదు, ఎనిమిది రూపాయలు కూడా కట్టకు. నిజంగా హక్కున్న కంపెనీ అయితే వకీలు పేరుతో, చిరునామాతో రాతపూర్వకంగా నోటీసు పంపుతది. ఫోన్లో యు.పి.ఐ. నంబరు ఇచ్చి సాయంత్రం లోపు కట్టమనదు. పోలీసు స్టేషన్ నుంచి అని వీడియో కాల్ చేసి కదలొద్దనే 'డిజిటల్ అరెస్టు' కూడా చట్టంలో ఎక్కడా లేదు. ఆ నంబరు, టైము రాసి పెట్టుకొని 1930కి ఫోన్ చేసి చెప్పండి. నిజమైన నోటీసే వస్తే భయపడి దాచిపెట్టొద్దు, జిల్లా న్యాయ సేవా ప్రాధికారానికి తీసుకుపోండి. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకు, కార్ఖానా కార్మికులకు అక్కడ వకీలు ఉచితం. ఫోన్ నంబరు 15100. సాక్ష్యం కోసమని పోలీసులు ఎవరినైనా పిలిస్తే రాతపూర్వకంగా పిలవాలి. ఆడవాళ్ళను, 60 దాటినవాళ్ళను స్టేషన్‌కు రమ్మని బలవంతం చేయరాదు, ఇంటికే వచ్చి అడగాలి. కొడుకుకు మాత్రం నీ పద్ధతిలో నాలుగు మాటలు చెప్పు. టొరెంట్ ఆ ఫోన్లోంచి తీసేయించు.

భర్తీ తమ్ముడూ, ఆ కేసులో అడిగింది నడిపేవాళ్ళను, చదివేవాళ్ళను కాదు. అయితే ఆ పి.డి.ఎఫ్.లు ఇంకో గ్రూపులో వేయడం, యాభై రూపాయలకు అమ్మడం మొదలుపెడితే నువ్వు కూడా నడిపేవాడి లెక్కలోకి వస్తవ్. పుస్తకం కొనలేకపోతే నలుగురు కలిసి ఒకటి కొనండి, లేదా మన వాచనాలయంలో అడగండి, తెప్పిస్తారు. పుస్తకం చేతులు మారితే కాపీ చేసినట్టు కాదు.

కేబుల్ తమ్ముడూ, నీ ప్రశ్నే అన్నిటికంటే బరువైనది. వెరైజన్ నిలబడిన చోటే ఇప్పుడు నువ్వు నిలబడ్డవ్. తాళంచెవి నీ జేబులో ఉంది. వచ్చినాయన ఎంత మర్యాదగా మాట్లాడినా, మాలికు పేరు చెప్పినా, నువ్వు నోటి మాటతో ఏ ఇంటి పేరూ చెప్పొద్దు. "కోర్టు ఆర్డరు ఉందా? పోలీసుల రాతపూర్వక ఉత్తరువు ఉందా? ఉంటే ఆఫీసులో ఇవ్వండి, పావతి తీసుకోండి" అను. కాగితం వస్తే మాలికు అందులో అడిగినంతే ఇవ్వాలి, ఆ టైముకు, ఆ నంబరుకు. గల్లీ చిట్టా మొత్తం ఇవ్వకూడదు. మాలికు నీ మీద గరమైతే ఈ పేజీ చూపించు. గిరాకీ పేర్లు ఊరికే ఇచ్చినట్టు తెలిస్తే రేపు జవాబు చెప్పాల్సింది ఆయనే.

ఇంట్లో ఒక డబ్బా నాలుగు ఇండ్లకు పంచుకుంటున్నవాళ్ళు ఈ వారమే పాస్‌వర్డ్ మార్చి, ఎవరెవరు వాడుతున్నారో ఒక చీటీ మీద రాసుకోండి. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంటే మొదటి నోటీసు వాళ్ళకే వస్తది. చాలా ఇండ్లలో అది ఆధార్ కార్డు ఇచ్చిన ముసలమ్మ పేరు మీదే ఉంటది.

వచ్చే నెల బీడీ కార్మికుల పి.ఎఫ్. పాస్‌బుక్కుల్లో పేరు తప్పులు ఎట్లా దిద్దించుకోవాలో రాస్తా. ఆ ఇబ్బంది ఉన్నవాళ్ళు పాస్‌బుక్కు మొదటి పేజీ జిరాక్స్ వాచనాలయం డబ్బాలో వేయండి. ఖాతా నంబరు మీద సిరా పూసి మరీ వేయండి.